పచ్చ

రాయదుర్గంలో తొమ్మిదో అంతస్తు.
గోడకి తెర.
తెర మీద మా ప్రాజెక్టు మొత్తం పచ్చ.

గడువు పచ్చ, ఖర్చు పచ్చ,
రాసిన కోడు, దాటిన పరీక్షలు, మూసిన బగ్గులు
అన్నీ పచ్చ.
విశ్వంభర్ గారు పంపిన బొటనవేలు బొమ్మ ఒక్కటే పసుపు.
అదీ పచ్చే కదా మన భాషలో.

లాంచ్ అయి పదకొండు వారాలు.
నవనీత, మా టీంలో అందరికన్నా చిన్నది,
లాగులు చూడమంటే మనుషుల్ని వెతికే పిల్ల,
మెల్లగా అంది:
"మేడం, మార్కెట్ నుంచి రోజుకి ఒకే ఒక్క లాగిన్.
అదీ తొమ్మిదింటికి.
పని చేస్తోందో లేదో చూద్దామని
ఆ లాగిన్ నేనే చేస్తున్నా."

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి
గుడిమల్కాపూర్ పూల మార్కెట్.
తడి గోనెలు, రివర్సు తీసే ఆటోలు,
బంతి మూటలకి ఆనుకుని కునికే మనుషులు.
మేమిచ్చిన టాబ్లెట్ ఆరో నంబరు దుకాణంలో దొరికింది.
కాటా కింద.
బల్ల ఒక పక్క కుంగిందట,
మందం సరిగ్గా సరిపోయిందట.

గుమస్తా గౌసుద్దీన్, చెవి మీద పెన్సిల్,
"తీయమంటరా మేడం? కాటా వంకరైతది మరి"
అని నిజాయితీగా అడిగాడు.
వద్దన్నాను.
పదకొండు వారాల్లో అది చేసిన మేలు అదొక్కటే.

షాబాద్ నుంచి వచ్చిన పెంటమ్మ
నాలుగు మూటల బంతి నాలుగున్నరకే అమ్మేసి
తక్‌పట్టీ కోసం నిలబడింది.
హమాలీ, కమీషను, బండి కిరాయి, పోయిన వారం బాకీ.
గౌసుద్దీన్ కూడతాడు, గీటేస్తాడు, మళ్లీ కూడతాడు.
ముందర ఇంకా ఇరవై మంది.
పట్టీ చేతికొచ్చేసరికి ఏడు.
"ఆరింటి బస్సు పాయె.
మళ్ల తొమ్మిదిన్నరకే.
తెంపెటోళ్లు నాకోసం ఎండల కూసుంటరా బిడ్డా?"

మా దగ్గర ముప్పై ఎనిమిది తెరలున్నాయి.
ధరల జోస్యం ఉంది.
దసరాకి బంతికి గిరాకీ ఉంటుందని
పెంటమ్మకి చెప్పే గ్రాఫు ఉంది.
ఆవిడ నిలబడ్డ రెండున్నర గంటలు మాత్రం
ఎక్కడా లేవు.

చిన్నప్పుడు నాకు పచ్చకామెర్లు వచ్చాయి.
లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారే,
అబద్ధం.
లోకం ఎప్పటిలాగే ఉంటుంది.
పచ్చ ఉండేది మన కంట్లో.
ఎదుటివాళ్లు చెబితే తప్ప తెలీదు.

సోమవారం మీటింగులో ఆ తెర ఆపేసి
బోర్డు మీద ఒక్క అంకె రాశాను: నూట యాభై.
అమ్మకానికీ పట్టీకీ మధ్య నిమిషాలు.
"ఇది స్కోపులో లేదు కదమ్మా" అన్నారు విశ్వంభర్ గారు.
"లేదు సార్" అన్నాను.
ఇంకేం తోచలేదు.
గదిలో ఏసీ చప్పుడు చాలాసేపు వినపడింది.

ముప్పై ఏడు తెరలు తీసేశాం.
జోస్యం మీద నాలుగు నెలలు కూర్చున్న ఫణీంద్ర
రెండు రోజులు నా టేబుల్ వైపు రాలేదు.
అతని కోడులో తప్పేం లేదు. అదే బాధ.

మిగిలింది ఒక తెర, నాలుగు పెద్ద బొత్తాలు,
అరచేతంత ప్రింటరు.
మొదటి వారం పూల మీద చల్లిన నీళ్లకి
కాగితం తడిసి అంకెలు చెదిరిపోయాయి.
గౌసుద్దీన్ నవ్వి పెన్సిల్ తీశాడు.
రెండో వారం ప్రింటరుకి పాలిథిన్ తొడిగాం.
అది ఫణీంద్ర ఆలోచన.

నిన్న వెళ్లాను.
నలభై నిమిషాలు.
ఇంకా ఎక్కువే, ఎర్రగానే చూపిస్తున్నాను.
పెంటమ్మ పట్టీ కొంగున ముడేసుకుని
నా వైపు చూడనైనా చూడకుండా
ఆరింటి బస్సుకి పరుగెత్తింది.

కాటా కింద ఇప్పుడొక చెక్కముక్క ఉంది.
గౌసుద్దీనే
ఎక్కడో వెతికి తెచ్చాడు.