క్రియ చివరికి పోతది

మళ్ల జూన్.
దేవరకొండ గురుకులంల రెండో అంతస్తు, మూల గది.
ఫ్యాను తిరుగుతది గాని గాలి రాదు.
పదకొండు మంది కూచున్నరు. పోయినేడు పందొమ్మిది.
మిగిలినోళ్లు డేర్, డీ, దాస్ కాడ్నే దిగిపోయిన్రు,
కొండమల్లేపల్లి స్టేజి కాడ బస్సు దిగినట్టు.

పైనించి కాయితం వచ్చింది:
'ద్వితీయ సంవత్సరం జర్మన్, లక్ష్యాలు, ఆశించు ఫలితాలు.'
కింద తల్లిదండ్రుల సంతకానికి గీత.
చదివిన. మడిచి హాజరు పట్టీల పెట్టిన.
నేను ఆశించేది నా నోటితోనే చెప్త, రాసుకోండ్రి.

తప్పు మాట్లాడాలె. గట్టిగ మాట్లాడాలె.
నోట్లెనే నములుకున్న ఒప్పు నాకొద్దు.
తప్పు చెవులవడితే సర్దుత,
గొణుగుడుకు నా దగ్గర మందు లేదు.
ఇంకొకటి, నేను గూడ ఆ దేశం చూళ్లే.
హైదరాబాదుల ఆరు గంటల క్లాసు,
ఆఖరి బస్సుల నిలవడి వల్లెవేసిన మాటలే ఇవి.
ఎవలన్న మంచు గురించి అడిగితె
ఫ్రిజ్జు చూపిస్త.

పోయినేడు ఉమ్లౌట్ కాడ అందరు నవ్విన్రు.
లోపట ఈ, పెదవుల మీద ఊ.
గట్టుప్పల హైమ అన్నది:
"పొయ్యి ఊదినట్టుంది మేడం."
అదే. ఈ ఏడు గూడ ఊదుడే,
మంట లేసేదాక.

టేబులు మగోడు, దీపం ఆడది,
ఆడపిల్ల మాత్రం అటూ కాదు ఇటూ కాదట.
"ఇదేం న్యాయం?" తహసీన్ కొట్లాటకు దిగింది.
నేనన్న: మనమేమంటం?
బర్రె వచ్చింది. బస్సు వచ్చింది.
అక్క వచ్చింది.
బావ ఒక్కడే వచ్చిండు.
క్లాసంత సప్పుడు బందు.
కిటికీల పావురం ఒకటి గొంతు సవరిచ్చుకున్నది.
"అంటె మనకాడ గూడ గంతేనా మేడం?"
ఈ ప్రశ్న సిలబసుల లేదు.
పెట్టుకుందాం.

ఇస్లావత్ సుజి చివరి బెంచి.
ఇంట్ల గోరుబోలి, బడిల తెలుగు, సంతల ఉర్దూ,
చెరుకు కోతకు పోయిన సీజన్ల మరాఠీ,
ఫారాల మీద ఇంగ్లీషు.
జర్మన్ ఆరోది.
"ఇంకొక గిన్నె తోమినట్టే మేడం" అంటది.
ఆ గిన్నె తోముడు నాకు పదేండ్లు పట్టింది,
ఆ ముచ్చట దానికి చెప్పలే.

ఇగ ఈ ఏడు అసలు సంగతి. వైల్.
అంటె, ఎందుకంటే.
వైల్ ముంగట కనవడ్డదో, క్రియ లేసి
పోయి వాక్యం చివర కూచుంటది.
దీనికి మస్తుమంది జడుస్తరట.
మీకెందుకు జడుపు?
అమ్మ పొద్దుగాల్నే టిఫిన్ కట్టుకోని పత్తిచేనుకు పోయింది.
ఎవరు, ఎప్పుడు, ఏం పట్టుకోని, యాడికి,
అన్ని చెప్పినంకనే గద మనకు పోవుడు.
వైల్ కాడికొచ్చేసరికి జర్మనోడు
మన వాడకట్టోడయితడు.

ఆఖరి పది నిమిషాలు. తలా ఒక వాక్యం.
హైమ రాసింది: నాయిన మగ్గం దిగిండు,
ఎందుకంటే దారం ఇంక రాలేదు.
క్రియ సరిగ్గ చివర్నే ఉన్నది. టిక్కు పెట్టిన,
పెట్టినంక పెన్ను కొంచెం బరువైంది.
తహసీన్: నాకు కోపం, ఎందుకంటే పిల్ల 'అది'.
రెండు తప్పులు. రెండు మార్కులు.

సుజి కాయితం:
ఇష్ లెర్నె డోయిచ్, వైల్ ఇష్
అంతే.
తర్వాత జానెడు తెల్లజాగ,
ఆ జాగ అవతల, గీత చివర,
జాగ్రత్తగ పెట్టిన ఫుల్‌స్టాపు.

ఎర్రపెన్ను ఎత్తిన. దించిన.
"క్రియ ఏదే?" అన్న.
"చివరికొస్తదన్నరు గద మేడం" అన్నది.

గంట కొట్టిన్రు.
అన్నం వాసన మెట్లెక్కుతున్నది.
అగో, మర్సిపోయిన,
ఈ కాయితాల మీద సంతకాలు సోమవారం కల్ల తేవాలె,
పైనోళ్లకు కావాల్నట.
శనివారం డిక్టేషన్.
పెన్ను ఎవలది వాళ్లే తెచ్చుకోండ్రి.