నా వెనక ఎవరూ లేరు

పందెంలో నాకిచ్చిన పని
చివర రావడం.
పదకొండేళ్ళుగా ఇదే పని.
ఇందులో నన్ను మించినవాళ్ళు
అబెర్ హెలిగ్‌లో లేరు.

నారింజరంగు చొక్కా, మెడలో ఈల,
సంచిలో కట్లు, దుప్పటి, పుదీనా బిళ్ళలు.
జెండా ఊపగానే రెండువందల మంది
అక్టోబరు వానలోకి దూకారు.
ముందు డేరీవాళ్ళ కవలలు, వాళ్ళ వెనక బడి టీచర్లు,
ఒక కోడి వేషం, మీసాలతో ఒక పెళ్ళికూతురు.
నేను బూటు లేసు ఇంకోసారి కట్టుకున్నాను.
తొందరేముంది.

ఈ ఏడు డబ్బు ముసలివాళ్ళ మినీబస్సుకి.
దాని వెనక తలుపు దగ్గరి లిఫ్టు
ఫిబ్రవరి నుంచీ మొండికేసింది.
చక్రాల కుర్చీలు ఇళ్ళలోనే ఉండిపోయాయి.

మొదటి మైలు దాటకముందే
ఈసారి చివరి మనిషి ఎవరో తేలిపోయింది.
టెగ్వెన్ ప్రాసర్, అరవై ఎనిమిది.
ఆ బస్సే పందొమ్మిదేళ్ళు నడిపింది.
ఎడమ మోకాలికి గోధుమరంగు పట్టీ,
వీపు మీద నూట నలభై రెండు.
ఒక పిన్ను ఊడి
రెండు అంకె గాలికి కొట్టుకుంటోంది.

చివరివాళ్ళని వెనకనుంచి తరమకూడదు.
ఎవరూ నేర్పలేదు, నాకే తెలిసింది.
పది అడుగుల దూరం.
మరీ దగ్గరైతే పోలీసులా ఉంటుంది.
మరీ దూరమైతే
తిరిగి చూసినప్పుడు రోడ్డు ఖాళీగా కనబడుతుంది.

గొర్రెల కంచె దాటాక ఎత్తు మొదలైంది.
ఆమె గస నాదాకా వస్తోంది.
"రెండో గేరు," అంది నావైపు చూడకుండానే,
"మూడు వేస్తే ఆగిపోతుంది."

చర్చి దగ్గర నీళ్ళ బల్ల.
అందరూ అయిపోయారనుకుని
ఎలునెడ్ గ్లాసులు సర్దేస్తోంది.
పరుగెత్తి పాలు తాగేవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.
టెగ్వెన్ నిలబడి నీళ్ళు తాగింది,
రెండు గ్లాసులు, తాపీగా,
తాగుతూ ఇళ్ళు చూపించింది.
ఆ ఆకుపచ్చ తలుపు మిసెస్ బెవన్‌ది,
రోజూ ఒక చేతి గ్లౌజు మర్చిపోయేది,
రోజూ వెనక్కెళ్ళేవాళ్ళం.
ఆ పైన ఇద్రిస్. బస్సెక్కడానికి తొమ్మిది నిమిషాలు.
గడియారం చూసుకునేదాన్నిలే,
ఆయనకి కనపడకుండా.

పైన కర్టెను పక్కకి జరిగింది.
ఒక చెయ్యి.
ఊపిందో, వణికిందో.

ఆఖరి మైలు సముద్రం పక్కన.
పరిగెత్తామనను. నడిచామనీ అనను.
మాంసం కొట్టు హైవెల్
మైలుకి రెండు పౌన్లు ఇస్తానన్నాడట,
నడిస్తే సగమేనట.
"కుంటితే ఎంతో చెప్పలేదు వెధవ."

రేవు దగ్గర సున్నంతో గీత.
కోడి తన తలని చంకలో పెట్టుకుని టీ తాగుతోంది.
స్టాప్‌వాచీ పట్టుకున్న ఎమ్రిస్ ముక్కు
చలికి ఎర్రగా కందిపోయింది.
ఇంక నాలుగడుగులు.
ఆమె ఆగిపోయింది.

"నువ్వు దిగు," అంది.
నాకర్థం కాలేదు.
"బండిలో ఆఖరి మనిషి దిగేదాకా
నేనెప్పుడూ దిగలేదు. దిగు."

రూలు చెప్పాను. చొక్కా చూపించాను.
నా వెనక ఎవరూ ఉండకూడదు, అన్నాను.
ఆమె రోడ్డు మధ్య చేతులు కట్టుకు నిలబడింది.
జనం చప్పట్లు ఆపి,
మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపారు.
ఎమ్రిస్ అరిచాడు:
ఎవరో ఒకరు రండి, వేళ్ళు కొంకర్లు పోతున్నాయ్!

నేనే వెళ్ళాను.
వీపుకి ఏదో కొత్తగా తెలిసింది,
పది అడుగుల దూరంలో
నాకోసం ఆగిన ఒక ఊపిరి.

లిఫ్టుకి డబ్బు చాలలేదు.
హైవెల్ పూర్తిగా ఇచ్చాక కూడా
నూట ఎనభై పౌన్లు తక్కువ.
వచ్చే నెల కేకులు అమ్ముతారట.
హాలు గోడకి అంటించిన ఫలితాల కాగితంలో
నా పేరు కింద ఇంకో పేరుంది.
టెగ్వెన్‌కి చూపిస్తే
కళ్ళజోడు పెట్టుకుని చదివి,
నా పేరులో అక్షరం తప్పు పడిందని
దిద్దడానికి ఎమ్రిస్‌ని పెన్ను అడిగింది.