ఎడమ మడమ

నెల్లిమర్లలో తెల్లారక ముందే
మిల్లు కూత కూస్తాది.
దానికన్నా ముందు నా ఎడమ మడమ కూస్తాది.

మంచం దిగి మొదటి అడుగేస్తే
ఎవులో మడమలోకి
గోనె కుట్టే దబ్బణం దించీసినట్టు.
గోడట్టుకుని నాలుగడుగులు,
పొయ్యి దాకా ఇంకో ఏడు,
దొడ్డికి ఎల్లొచ్చేసరికి సద్దుకుంటాది.
దొంగనొప్పి.
పగలల్లా నక్కి ఉండి
కూకుని లేస్తే మళ్లీ మొకం సూపిస్తాది.

ఇరవైరెండేళ్లు
స్పిన్నింగులో సిమెంటు గచ్చు మీద నిలబడ్డాను.
తెగిన పోగు ఎక్కడున్నా
సూడకండా ఏలితో పట్టి అతికీగలను.
నా కాలికింద పీచు లేస్తున్న పోగే
నాకు కనపడ్నేదు.

ఇటికరాయి కాల్చి, జిల్లేడాకులేసి
తొక్కమన్నాది ఎర్రయ్యమ్మ.
తొక్కేను. బొబ్బ లేసింది.
మెత్తటి సెప్పులు కొనమన్నాడు టైం కీపరు.
కొన్నాను. సెప్పులు బాగున్నాయి,
మడమే బాగోనేదు.

ఇజీనారం పెద్దాసుపత్రి, వరండా సివర గది.
రొంగలి చైతన్య అని సీపురుపల్లి గుంటడు,
నా కొడుకు ఈడు కూడా నేదు,
నా పాదం తీసి ఒళ్లో ఎట్టుకున్నాడు.
గభాల్న లాగీసుకున్నాను.
"తప్పు బాబూ, నీకు దోషం."
"దోషం సంగతి తరవాత గానీ
నూనె రాసుకొచ్చారేటమ్మా? జిగురంటదు.
సబ్బుతో కడిగి, తడి బాగా ఒత్తుకుని రండి."

పంపు కింద కాలెట్టి అనుకున్నాను.
ఈ పాదం ఇంకో మనిషి సేతుల్లో
ఇంతకుముందు ఒక్కపాలే ఉన్నాది,
సన్నికల్లు మీద, మెట్టెలు తొడిగినప్పుడు.
అప్పుడు దానికి సిగ్గొకటే తెలుసు.

పాదాన్ని నిటారుగా ఉంచమన్నాడు.
చిటికినేలి మొదట్లో అతికించి
మడమ ఎనకనుంచి తిప్పి
బొటనేలి మొదట్లో ఆపేడు మొదటి పట్టీ.
రెండోది బొటనేలి కాడ బయల్దేరి
అరికాలు ఏటవాలుగా దాటి
మడమని సుట్టుకుని
పుట్టింటికొచ్చినట్టు మళ్లీ బొటనేలికే వచ్చింది.
మూడోది చిటికినేలి నుంచి, అలాగే.
అరికాలి మద్దెన కత్తెర గుర్తు పడ్డాది.
ఆపైన అడ్డపట్టీలు,
బయటనుంచి లోపలికి,
అరికాలి గుంటని రవ్వంత పైకెత్తి,
ఒకదాని మీదికి ఒకటి సగం ఎక్కించి.

పడుగూ పేకా, అనుకున్నాను.
మా మిల్లులో గోనె ఇలాగే అల్లుతాది.
అల్లింది గనకే బస్తా మోస్తాది.

"ఏళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా పీకీండి.
దురదెడితే ఆ రోజే తీసీండి.
లేకపోతే రెండ్రోజులుంచండి, మించొద్దు."
"తగ్గిపోతాదా బాబూ?"
"ఇదొక్కటే తగ్గించదమ్మా.
మీ బరువులో కొంత ఇది మోస్తాది, అంతే.
తువ్వాలు ఏళ్లకేసి లాగి
పిక్క సాగదియ్యాలి, మంచం దిగక ముందే.
నిలబడ్డం తగ్గించాలి."

నిలబడ్డం తగ్గించాలంట.
ఫ్రేము ముందర కుర్చీ ఏసిన మిల్లు
ఏ రాజ్జెంలో ఉన్నాదో అడుగుదామనుకున్నాను.
గుంటడు మంచోడు. అడగనేదు.

లేచి నిలబడ్డాను.
చాన్నాళ్లకి
నేల నన్ను కరవనేదు.

ఇప్పుడు బీ షిఫ్టుకి ముందు
సైకిలు స్టాండు గోడ నీడన
ఎర్రయ్యమ్మ కాలు నా ఒళ్లో ఉంటాది.
"ఓలమ్మ, తప్పే తవిటమ్మా" అని లాక్కుంటాది.
"నూనె రాసీసేవేటే?" అని కసురుతాను.
నా ఏళ్లకి కొలత తెలిసిపోయింది.
పోగు అతికే ఏళ్లే గదా.

రెండో రోజు రాత్రి, దీపం కాడ
పట్టీ నెమ్మదిగా ఊడదీస్తే
అంచులకి జనపనార దుమ్ము,
మడమ వంపు వంపులాగే నిలిచిపోయి.
"ఏటే అది, పాము కుబుసమా?" అన్నాడు మా ఆయన.
"రెండు షిఫ్టులు" అన్నాను.

అందుకుని,
అటు తిప్పీ ఇటు తిప్పీ సూసి
సూరులో దోపబోయి
ఎందుకో
మళ్లీ నా సేతికే ఇచ్చీసేడు.