జాబితాలో ఒక్కటే పేరు

ముహు దీవిలో పడవ దిగేసరికి
నాలుగింటికే చీకటి.
గ్రంథాలయం వెనకగదిలో హెల్యు
నాకు కుర్చీ చూపించకముందే
కంప్యూటర్ మీద చాడీలు మొదలుపెట్టింది.

"చదువుతుంది. పాడుతుంది. రాయమంటే రాయదు.
నేనడిగితే అసలు డ్రైవే లేదంటుంది.
ఎదురుగా ఉన్నదాన్ని లేదనడం
నా మొదటి మొగుడి తరువాత
దీని దగ్గరే చూశాను."

బల్ల మీద చెడిపోయిన డిస్కుల దొంతర.
కొన్ని అప్పటికే కాఫీ కప్పుల కింద చేరాయి.
కొన్ని కిటికీ అవతల ఆపిల్ కొమ్మకి వేలాడుతూ
కాయలూ పిట్టలూ లేని జనవరిని
బెదిరిస్తున్నాయి.

నాకొచ్చిన వరుసలోనే వెళ్లాను.
కేబుల్ పీకి పెట్టాను.
కటకం మీద దుమ్ము ఊదాను.
వేగం నాలుగుకి దించాను.
సంచిలోంచి కొత్త డ్రైవ్ తీసి బిగిస్తే
అదీ అదే పాట.
మళ్లీ విప్పి పాతదే పెట్టాను.
మరమ్మతుకొచ్చినవాడు
ముందు ఇనుమునే అనుమానిస్తాడు.
మనుషుల సంగతి అడగడం
ఎప్పుడూ చివర్నే గుర్తొస్తుంది.

"వాల్దెకోగా లోపలికెళ్తే రాస్తుంది," అంది,
ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.
వాల్దెకో ఎవరు?
"అక్టోబరులో పోయాడు. ఈ పాటలన్నీ పోగేసింది అతనే.
పాస్‌వర్డ్ సొరుగు అడుగున అతికించాడు.
అతని పడవ పేరు."

ఇంకేం, అలాగే కానివ్వండి, అన్నాను.
ఆమె ఒక డిస్కు పెట్టి వివరాలు తెరిచింది.
తయారుచేసినది: వాల్దెకో.
తేదీ: డిసెంబరు పందొమ్మిది.
"ఇలాంటివి పదకొండు పంచాను.
ఒకటి వాళ్ల చెల్లెలికి అందింది.
ఫోన్ చేసి
చాలాసేపు ఏమీ అనలేదు."

నల్లతెర తెరిచి, ఈ డ్రైవ్ ఎవరిదని అడిగాను.
యజమాని రూట్. దేవుడిలాంటివాడు,
అన్నీ అతనివే, ఎప్పుడూ కనబడడు.
అతని తరఫున చూసుకునేందుకు ఒక గుంపు.
గుంపులో ఒక్కటే పేరు.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు.
ఇక్కడ పూజారి పోయి మూడు నెలలు,
తాళాల గుత్తి మాత్రం
ఇంకా అతని మొలకే ఉంది.

కామా పెట్టాను.
కామా పక్కన హెల్యు.

"పాత పేరు తీసేయనా?"
కిటికీలో తన నీడనే చూస్తూ కాసేపు ఆగింది.
"ఎంత చోటు తింటాడేమిటి?"
ఏడక్షరాలు.
"ఉండనీ.
బతికున్నన్నాళ్లూ అంత తక్కువలో సర్దుకున్నవాడు కాదు."

మళ్లీ నొక్కింది. డ్రైవ్ లేదు.
ఆ చలిలో నా మెడ వెనక చెమట.
రెండుసార్లు ఫైలు చదివాను, అక్షరం అక్షరం.
అప్పుడు వెలిగింది: తాళం వేసి గొళ్లెం మరిచాను.
గుంపులో చేర్చిన సంగతి
లోపలే కూర్చున్న మనిషికి తెలియదు.
"ఒక్కసారి బయటికెళ్లి మళ్లీ లోపలికి రండి."

ఆమె లేచి కోటు తొడుక్కుని
నిజంగానే వెళ్లిపోయింది.
పిలుద్దామనుకున్నాను.
గాజు అవతల, వరండా దీపం కింద,
చేతులు జేబుల్లో పెట్టుకుని మంచులో నిలబడ్డ మనిషిని
ఎందుకో పిలవలేదు.
ఈలోగా ఆమె ఖాతా నేనే మూసేశాను.

భుజాల మీద తెల్లటి పొడితో వచ్చి కూర్చుని
నాకు కనబడకుండా పాస్‌వర్డ్ కొట్టింది.
నారింజ దీపం.
ఆ తరువాత గదంతా సన్నటి గుర్రు.
ఎవరో ముసలమ్మ వెన్న చిలుకుతూ పాడిన పాట,
పాట మధ్యలో ఆవుని కసిరిన మాటతో సహా,
నాలుగు నిమిషాలు
కాలుతూ కూర్చుంది.

తయారుచేసినది: హెల్యు.
ఆమె చదివింది, ఏమీ అనలేదు,
మార్కరు కోసం సొరుగు తెరిచి
అడుగున చీటీకి వేలు తగలకుండా మూసింది.

ఆఖరి పడవకి ఇంకా అరగంట.
నిలబడే బిల్లు రాశాను.
డ్రైవ్ మార్చలేదు. కేబుల్ మార్చలేదు.
ఒక కామా, ఒక పేరు.
దానికెంత వేయాలో తెలియక
గంట కూలీ వేశాను.