పావలాలు

ఇక్కడి క్వార్టర్‌ని నేను పావలా అనే అంటాను.
ఉతకడానికి పదమూడు, ఆరబెట్టడానికి ఆరు.
రెండు డాలర్ల పాత స్వెట్టరుకి ఇంత సేవంటే
పావలా కోడికి ముప్పావలా మసాలాయే.

ఆదివారం రాత్రి పదకొండు.
షికాగోలో, మోర్స్ స్టేషన్ పక్క లాండ్రీ.
ఒళ్ళో ముప్ఫై నాలుగు ఆన్సర్ పేపర్లు.
పదిహేడో కుర్రాడెవరో రాశాడు:
లోహం ఒక్క పెద్ద దెబ్బకి విరగదు,
మోయగలిగిన బరువే
లక్షసార్లు మోసి మోసి విరుగుతుంది.
బాగానే రాశాడు. యూనిట్లు మర్చిపోయాడు.
ఒక మార్కు కోశాను.
గట్టు మీంచి రైలు పోయింది, కిటికీ అద్దం వణికింది.
కోసిన మార్కు తిరిగి వేసేశాను.

డ్రయ్యరు ఆగింది. దుప్పటి ఇంకా చెమ్మగానే ఉంది.
జేబులో మిగిలిందొక్కటే, అదీ కెనడాది.
మిషను దాన్ని రెండుసార్లు ఉమ్మేసింది.

ఎదురు బెంచీలో నర్సు బూట్లావిడ
ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే లేచొచ్చి
టక్ టక్ మని రెండు పావలాలు వేసింది.
వచ్చే వారం ఇచ్చేస్తానన్నాను.
విననట్టే వెళ్ళి కూర్చుంది.

తర్వాత దుప్పటి రెండో కొస తనే పట్టుకుంది.
దూరం జరిగాం, దులిపాం,
కొసలు కలపడానికి ఎదురెదురు నడిచాం.
నాలుగు మడతలు, నాలుగుసార్లు.
చివరిసారి ఆమె గోళ్ళ దగ్గర
శానిటైజర్ వాసన.
పేర్లు అడుక్కోలేదు.

బయట సున్నాకి తొమ్మిది కింద.
వెచ్చటి మూట పొట్టకి అదుముకుని పరుగెత్తాను.
పద్దెనిమిదో పేపరు
ఆ మడతల్లోనే ఎక్కడో ఉంది.