కాటా ముల్లు

బిస్మార్క్‌లో సుప్రీంకోర్టు లైబ్రరీ, రెండో అంతస్తు.
అడిగిన పుస్తకం తీసివ్వడం, తిరిగి పెట్టడం,
కొత్త తీర్పు పాతదాన్ని కొట్టేస్తే
పాతదాని అంచున ఎర్ర చీటీ అంటించడం,
ఇదీ నా ఉద్యోగం.

ఫిబ్రవరి. కిటికీకి లోపలి వైపు కూడా మంచు.
అరవై దాటిన మనిషి, ఒంటిమీద మగవాళ్ల కోటు,
బూట్లు గుమ్మం దగ్గరే విప్పి
మేజోళ్లతో నడిచొచ్చింది.
"మా నాన్న ఇందులో ఉన్నాడట."
పేరు అడిగాను.
"నైగార్డ్."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
రోజుకు మూడుసార్లు వినే మాట అది.
ఒక మనిషి పేరని ఏనాడూ తట్టలేదు.
"నైగార్డ్ ముందు మీ సంతకం నిలవదు" అంటారు వకీళ్లు,
వాన ముందు మట్టిగోడ అన్నట్టు.

అరవై రెండో సంపుటం. దుమ్ము లేదు.
ఎన్ని వేళ్లు పడ్డాయో, ఆ పేజీల మూల
పాత డాలరు నోటులా మెత్తబడింది.

హాల్వర్ నైగార్డ్, గోధుమ రైతు.
పదకొండేళ్లు ఒకే ఎలివేటర్‌కి ధాన్యం తోలాడు.
బండి కాటా మీద, కాటా ముల్లు గదిలో,
గదికి తలుపు, తలుపు వెనక గుమాస్తా.
లోపల్నించి అంకె కేక వేసేవాడు,
బయట ఇతను సంతకం పెట్టేవాడు.
పదకొండేళ్లు నోరెత్తలేదుగా, అంది కింది కోర్టు,
మౌనం అర్ధాంగీకారం.
మరి మిగతా సగం ఎవరిచ్చారు, అంది పై కోర్టు.
ముగ్గురు ఇటు, ఇద్దరు అటు:
చూడనివ్వని ముల్లుకు పెట్టిన సంతకం
ఒప్పుకోలు కాదు.

అంతే, ఒక్క వాక్యం.
దానికింద ఎంతమంది తలదాచుకున్నారో.
పని గంటలు ఎవరో రాస్తే వేలిముద్ర వేసిన
బీటు దుంపల కూలీలు,
ఆసుపత్రి చాకిరేవులో చేతులు కాలిన అమ్మాయి.
పోయినేడు ఒక బ్యాంకు కూడా వాడుకుంది,
అదీ ఒక రైతు మీద.
నాకు నచ్చలేదు. నన్నెవరూ అడగలేదు.

ఆమె వేలు పెట్టి చదువుతోంది.
"ఈ అప్పీలుదారు ఎవరు?"
"మీ నాన్నే."
"గుర్రాల పేర్లు లేవే."
"ఉండవండీ."
"మళ్లీ విచారణ జరిగితే నలభై ఒక్క డాలర్లొచ్చాయి.
లాయరుకి అరవై. అది రాయలేదే."
"అది కింది కోర్టు సంగతి. ఇక్కడిదాకా రాదు."

నాలుగో ఫుట్‌నోట్ దగ్గర వేలు ఆగింది.
చీమల్లాంటి అక్షరాలు:
అప్పీలుదారు భార్య ప్రతి బస్తానూ ఇంట్లో పాల కాటా మీద తూచి
విత్తనాల కంపెనీ క్యాలెండర్ అంచున రాసుకున్నట్టు సాక్ష్యం ఉంది.

"భార్య," అంది.
కాసేపాగి "రాగ్నా" అంది,
నాతో కాదు, పేజీతో.
"లాంతరు నేను పట్టుకునేదాన్ని. ఏడేళ్లు నాకు.
చెయ్యి వణికితే తిట్టేది,
అంకె కూడా వణుకుతుందని."

ఏదో ఒకటి అనాల్సింది.
పేజీకి పది సెంట్లు, అన్నాను.

పద్నాలుగు పేజీలు కాపీ తీశాను.
ఒక డాలరు నలభై. రసీదు ముందుకు జరిపి
ఇక్కడ సంతకం, అన్నాను.
కలం ఎత్తింది. దించింది.
"ఆ యంత్రం ఇటు తిప్పు. అంకె చూడాలి."

యంత్రం కదలదు. నేనే పక్కకి జరిగాను.
మేజోళ్లతో కౌంటరు చుట్టి వచ్చి
కళ్లజోడు పైకెత్తి చూసింది.
పదిహేను.
"ఒకటి నల్లగా వస్తే చించేశాను," అన్నాను,
"అది మీ లెక్కలో లేదు."
చెత్తబుట్టలోకి కూడా ఒకసారి చూసింది.
కాగితాలు ఒక్కొక్కటీ తడిచేసిన వేలితో లెక్కపెట్టి
అప్పుడు పెట్టింది సంతకం:
బోర్గ్‌హిల్డ్ ఓస్‌మోన్.
ఈ మేడలో ఎవరూ ఎప్పుడూ
వినని పేరు.