లోపలి గడియ

ఎర్రనీరు తీసిన పదో రోజున
పంటు మీంచి దిగింది, మోకాళ్ళదాకా బురదతో,
వీపున తనకంటే పెద్ద సంచీతో.
పేరు కాద్రి అంది.
మామ్మ రెండుసార్లు అనిపించుకుని
"కదిరమ్మ" అని ఖాయం చేసేసింది.

ఎస్తోనియా అట. మ్యాపులో వెతికితే
నా చిటికెన గోరు కింద దాక్కుంది.
ఇరవై మూడేళ్ళు. నాకూ అంతే.
తను వాలంటీరు. నేనూ ఒకప్పుడు వాలంటీర్నే,
యాభై ఇళ్ళకి, నెలకి అయిదు వేలకి.
"నీకెంతిస్తారే?" అడిగింది మామ్మ.
ఏమీ ఇవ్వరు, విమానం టికెట్టు కూడా తనదే అని నేను చెబితే
చాలాసేపు ఆ పిల్ల కాళ్ళకేసి చూసి
ఇంకో గరిటె పెరుగు వేసింది.

మా లంకలో నూతుల్లో, బోరింగుల్లో
ఉప్పు ఎంతెక్కిందో కొలవడం తన పని.
నోట్‌బుక్కు మోయడం, మాట మార్చడం నా పని.
మిషను అంకె చూపించేలోపే
మంగతాయారు నాలిక మీద చుక్క వేసుకుని
"పోయినేటికన్నా చిటికెడు ఎక్కువే" అనేది.
కాద్రి నవ్వలేదు. అంకెల పక్కన ఇంకో గడి గీసి
పైన నాచేత తెలుగులో రాయించింది: చిటికెడు.

రేవులో సింహాచలం అడిగాడు, మీ ఊళ్ళో ఏరుందా అని.
సముద్రమే ఉందంది. చలికాలం అది గట్టిపడితే
దాని మీద కార్లేసుకుని లంకలకి పోతామంది.
అతను గెడ ఆనించి, బీడీ వెలిగించి,
"మరి పంటు పాడుకున్నోడి గతేంటండీ?" అన్నాడు.
రేవంతా ఎందుకు నవ్విందని తను అడిగితే
తెలుగులోంచి తీసి ఇవ్వలేకపోయాను.

మూడో నెలకి "ఆయ్" అనడం వచ్చింది.
తల ఊపకుండా అనేది, అదొక్కటే తేడా.

ఓ రాత్రి డాబా మీద, ఒక్క గీత సిగ్నల్ దగ్గర,
వాళ్ళమ్మతో ఏదో అంటూ అంటూ ఏడ్చింది.
ఆ భాషలో ఏడుపు కూడా నాకు రాదనుకున్నాను.
వచ్చింది.
మజ్జిగ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి దిగిపోయాను.
అప్పటిదాకా తట్టలేదు,
మా ఊరు కూడా ఒకరికి పరదేశమని.
ఈ కప్పల గోల, నానేసిన పీచు కంపు,
ఇవి కూడా ఒకరు పళ్ళు బిగబట్టి
అలవాటు చేసుకునేవని.

మాకు పరదేశమంటే మస్కట్.
సువార్త పిన్ని ఇరవై రెండేళ్ళప్పుడు వెళ్ళింది
ఎవరి పిల్లలకో నీళ్ళు పొయ్యడానికి.
ఆవిణ్ణెవరూ వాలంటీరనలేదు.
శుక్రవారం ఫోన్లో కాద్రిని చూపించాను.
ఎందుకొచ్చింది, ఏం తింటోంది, పెళ్ళయిందా,
అందరూ అడిగేవి ఏవీ అడగలేదు పిన్ని.
కాసేపు చూసి, నాతో మెల్లగా,
"ఆ పిల్ల గదికి గడియ లోపల్నించి ఉందా?" అంది.

లేదు.
అది బస్తాల గది. బయట గొళ్ళెం మాత్రమే.
బస్తాలకి లోపలి గడియెందుకు?

నీకుందా పిన్నీ, అని అడగబోయాను.
"ఛార్జింగ్ అయిపోతోందే" అంది.
తొమ్మిదేళ్ళుగా ప్రతి శుక్రవారం
సరిగ్గా అక్కడే అయిపోతుంది ఆవిడ ఛార్జింగ్.

మర్నాడు ముమ్మిడివరం వెళ్ళి
నూట నలభైకి ఇత్తడి గడియ కొన్నాను.
మామిడి తలుపు. నాలుగో మేకుకి ఓ మూల చీలింది.
"ఇక్కడ భయమేం లేదు కదా" అంది కాద్రి నవ్వుతూ.
ఆయ్ అన్నాను.

మాఘం మంచులో వెళ్ళిపోయింది.
ఆరు గాజు గొట్టాలు మర్చిపోయింది, లేదా వదిలేసింది.
ఒకదాంట్లో మామ్మ పొడుం పోసుకుంది.
నోట్‌బుక్కు నా దగ్గరే. పక్షానికోసారి
మంగతాయారు నాలిక్కి చుక్క అందించి
ఆ ఒక్క గడీ నింపుతున్నాను.
మిషను తనతో వెళ్ళింది.

బస్తాలు సావిట్లోకి మారాయి. గది నాదైంది.
ఈ ఇంట్లో పుట్టి ఇన్నేళ్ళకి
ఒక తలుపు లోపల్నించి వేసుకున్నాను.
మొన్న శుక్రవారం ఫోను తిప్పి
పిన్నికి గడియ చూపించాను.
వేసి చూపించాను. తీసి, మళ్ళీ వేశాను.
చూస్తూ ఉండిపోయింది.
ఛార్జింగ్ అయిపోలేదు.